ఆలస్యంగా వచ్చిన ఐదు గంటలు

సుతో మియోని పనిలో ఉంచుకోకూడదని మొదటి రోజే అనుకున్నాను. ఇంటర్వ్యూకి గొడుగు లేకుండా వచ్చింది, తడిసి ముద్దై. అన్నం డబ్బా మరిచినా గొడుగు మరవొద్దని మా వైపు చంటిపిల్లలకి కూడా చెబుతారు. పోనీ టోక్యో పిల్లా అంటే కాదు, పక్కనే ఇజుమో గుడి ఉన్న ఊరి పిల్ల. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఈ వానలోనే పెరిగింది. అయినా చేతులూపుకుంటూ వచ్చి, మెట్ల మీద జుట్టు పిండుకుని, "షాచో, ఇక్కడ కిటికీలోంచి చెరువు కనిపిస్తుందా?" అని అడిగింది. షాచో అంటే కంపెనీ యజమాని, నేనే. వచ్చింది ఉద్యోగానికా, విహారానికా?

అయినా మూడు నెలలు చూద్దామని తీసుకున్నాను. ఎందుకంటే మనుషులు దొరకరు. మా మత్సుయే ఊళ్లో కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే చిన్న కంపెనీలు వీధికొకటి చొప్పున ఉన్నాయి. అందరికీ రూబీ అనే కంప్యూటర్ భాష వచ్చినవాళ్లే కావాలి. మాది మరీ చిన్నది. మూతపడిన గొడుగుల కొట్టు మీద ఒక గది. నేను, నోత్సు కినుయే, యజమానిని. నాతో పాటు ఇరవై ఏళ్లుగా ఉన్న యాదా. ఆయన నోట్లోంచి పొద్దుట ఒక "ఊఁ", సాయంత్రం ఒక "ఊఁ" వస్తే ఆ రోజు కబుర్లు బాగా నడిచినట్టు లెక్క. ఇక ఈ పిల్ల వచ్చాక ఆ గదికి ఎప్పుడూ నోరు మూతపడలేదు.

మా పని ఊళ్ల స్తంభాల మీది మైకులు. సాయంత్రమయ్యేసరికి ఆటల్లో ఉన్న పిల్లల్ని ఇంటికి రమ్మని ఒక పాట మోగుతుంది చూడండి, అది వేళకి మోగించే ప్రోగ్రాం మాదే. మా జిల్లాలో నాలుగైదు ఊళ్లకి, కొండలకి అవతల ఉన్న లోపలి సముద్రంలో ఒక ద్వీపానికి మేమే మోగిస్తాం. చిన్న ఊళ్లు, చిన్న డబ్బు. అందుకే అన్ని ఊళ్లకీ కలిపి ఒకటే ప్రోగ్రాం నడుపుతాం.

మియోకి ఒక జబ్బు ఉంది. రూబీలో కొన్ని సరుకులు భాషతోపాటే పుట్టాయి. అంకెలు, పదాలు, సమయం, ఇలాంటివి. వేరే భాషల్లో వాటి జోలికి పోతే చెయ్యి విరుస్తారు. రూబీ మర్యాద వేరు. తలుపు తీసే ఉంటుంది. నువ్వు లోపలికెళ్లి అంకెకి కొత్త పని నేర్పి రావచ్చు, ఆ రోజునుంచి ప్రోగ్రాంలో ఉన్న ప్రతి అంకెకీ ఆ పని వచ్చేస్తుంది. ఈ సంగతి మియోకి తెలిసింది, ఇక కోతికి కొబ్బరికాయ దొరికినట్టే. వచ్చిన వారంలోనే పదాలకి మర్యాద నేర్పింది. యాదా ఏదో తప్పు టైపు చేస్తే, తప్పు వచ్చిందని చెప్పే వాక్యం చివర "తమకు శ్రమ కలిగించినందుకు తలవంచి క్షమాపణ" అని కూడా వచ్చింది. యాదా ఆ తెర కేసి చాలాసేపు చూసి తానూ తలవంచాడు.

నాకు మాత్రం ఒళ్లు మండింది.

"ఏమ్మా, అది నీ సొరుగనుకున్నావా? ఉమ్మడి వంటిల్లు! ఉప్పు డబ్బాలో నీ ఇష్టమని పంచదార పోసి పోతే, తర్వాత వచ్చి వండేవాడి గతేంటి?"

"పంచదార కాదు షాచో, ఉప్పుకే కొంచెం మంచిమాటలు నేర్పాను."

"ఉప్పు మాట్లాడక్కర్లేదు. ఉప్పగా ఉంటే చాలు."

"కానీ చూడండి, ఇలా రాస్తే చదివేవాళ్లకి ఎంత హాయిగా ఉంటుందో! సమయాన్నే అడుగుతాం, సమయమే చెబుతుంది. మధ్యలో మనమెందుకు?"

చదివితే హాయిగానే ఉంది. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు నోరు రాలేదు, అంతే. మూడు నెలలు నిండగానే దండం పెట్టి పంపించేద్దామని లోపల గట్టిగా అనుకున్నాను.

నవంబరు చివర మియో ఊరి ఆఫీసునుంచి ఒక కోరిక వచ్చింది. పాత పంచాంగం ప్రకారం పదో నెలలో దేశంలోని దేవుళ్లందరూ ఇజుమోకి మీటింగుకి వస్తారు కదా. మిగతా ఊళ్లవాళ్లు దాన్ని దేవుళ్లు లేని నెల అంటారు, మేం దేవుళ్లున్న నెల అంటాం. ఆ మీటింగు వారం గుడి దగ్గర ఊళ్లో పాటలుండవు, మేకులు కొట్టరు. ముసలమ్మలు గోళ్లు తీసే కత్తెర కూడా దాచేస్తారు. ఈసారి ఊరి పెద్దలు, మైకులో పాట కూడా ఆ వారం వద్దన్నారు. ఆ పని మియోకిచ్చాను. ఆ ఊరి పిల్లే కదా, ఆ వారం ఎప్పుడు మొదలవుతుందో ఎవర్నీ అడగక్కర్లేదు.

ఒక్క మధ్యాహ్నంలో చేసేసింది. సమయానికి ఒక ప్రశ్న నేర్పింది. "నిశ్శబ్దమా?" అని అడిగితే, రాత్రి అయినా, దేవుళ్ల వారం అయినా సమయం "అవును" అంటుంది. పాట మోగించే ముందు ప్రోగ్రాం ఆ ప్రశ్న అడుగుతుంది, అవునంటే మోగించదు. నేను చూశాను, నడిపించి చూశాను. ముచ్చటగా ఉంది. నేను మెచ్చుకునే మనిషిని కాను గనక "సరే, పెట్టు" అన్నాను.

వారం మొదలైన రోజు మధ్యాహ్నం పన్నెండింటికి ఆ ఊళ్లో రోజూ మోగే భోజనవేళ పాట మోగలేదు. ఊరి ఆఫీసు పెద్దాయన ఫోన్ చేసి, "ఎంత ప్రశాంతంగా ఉందో! అలలు వినిపిస్తున్నాయి" అన్నాడు. మూడింటి టీ వేళకి నేనే వెళ్లి జెన్‌జాయ్ తెచ్చాను. ఎర్ర గింజల తియ్యటి వేడి జావ, లోపల ఉండలు. ఈ వారంలో మావైపు అది తినాల్సిందే. మియోకి రెండు ఉండలు ఎక్కువ వేయించాను. ఆ పిల్ల వాటిని చూసి, "షాచో, ఇది మెచ్చుకోలా?" అంది. "ఇది జెన్‌జాయ్" అన్నాను.

ఐదు దాటి కాసేపటికి ఫోన్ మోగింది. ద్వీపంనుంచి. అక్కడి ఊరి ఆఫీసులో మైకుల సంగతి చూసే ఓచి అనే కుర్రాడు. ఎప్పుడూ నవ్వుతూ మాట్లాడేవాడు, ఈసారి ఊపిరి అందడం లేదు.

"నోత్సు-సాన్, మా పాట మోగలేదు."

"మోగలేదా? ఒక్క నిమిషం, చూస్తాను."

"చూడడం కాదండి, తొందరగా మోగించాలి! తమేజో-సాన్ ఇంటికి రాలేదు."

తమేజో గారు ఎవరో ఓచి గబగబా చెప్పాడు. ఎనభై దాటిన మనిషి. ఒకప్పుడు ద్వీపం పడవ నడిపేవాడు. ఇప్పుడు జ్ఞాపకం పోతోంది. మనవరాలి పేరు గుర్తుండదు, పొద్దుట ఏం తిన్నాడో గుర్తుండదు. కానీ రోజూ మధ్యాహ్నం సముద్రపు కట్టమీద నడకకి వెళ్తాడు, ఐదింటి పాట వినగానే ఎక్కడున్నా సరే వెనక్కి తిరిగి ఇంటికొచ్చేస్తాడు. డాక్టరు కట్టేయమన్నా కూతురు సాయో కట్టేయలేదు, ఆ పాట ఉంది కదా అన్న ధైర్యంతో. ఈరోజు పాట మోగలేదు. ఆయన వెనక్కి తిరగలేదు. కట్ట చివర రాళ్లు, రాళ్ల తర్వాత సముద్రం. పొద్దు గూకిపోయింది.

నేను ఫోన్లో అరిచాను.

"మీ ఆఫీసులో బొత్తాం ఉంది కదా, చేత్తో నొక్కండి!"

"నొక్కాను. 'నిశ్శబ్ద సమయం' అంటోంది. మైకులో మాట్లాడబోయినా అదే. 'తమకు శ్రమ కలిగించినందుకు తలవంచి క్షమాపణ' అని కూడా అంటోంది, దాని క్షమాపణ తగలెయ్య!"

"మరి ఉప్పెన సైరనో? అది ఏ ప్రశ్నా అడగదు, మోగిపోతుంది."

"అది మోగిస్తే కొండెక్కాలని ఆయనకి ఒంట్లో నాటుకుపోయింది. చీకట్లో నారింజ తోటల్లోకి ఎక్కేస్తాడు. రాత్రంతా వెతికినా దొరకడు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. యాదా అప్పటికే కుర్చీలోంచి లేచి నా భుజంమీంచి తెర చూస్తున్నాడు.

"నేను మెగాఫోన్ పట్టుకుని ఆ పాట పాడుకుంటూ కట్టమీద తిరిగాను" అన్నాడు ఓచి. ఏడుపు గొంతులో ఉంది. "కుక్కలొచ్చాయి. ఆయన రాలేదు."

ఫోన్ బల్లమీద పెట్టి అందరికీ వినపడేలా చేశాను. యాదా ద్వీపం ఫైళ్లు తెరిచాడు. ఒక్క అక్షరం మారలేదు, ఏళ్లుగా ఎవరూ ముట్టుకోలేదు. ముట్టుకోనిది ఎలా చెడుతుంది? కోపం ఎవరిమీద చూపాలో తెలియక బల్లని తన్నాను.

"సమయాన్ని అడిగి చూద్దాం" అన్నాడు యాదా. ఆయన రోజుకి సరిపడా మాటలు అప్పటికే అయిపోయాయి, అయినా మాట్లాడాడు. ఇప్పుడు నిశ్శబ్దమా అని ప్రోగ్రాంని అడిగాడు. అవునంది.

"సాయంత్రం ఐదున్నరకి నిశ్శబ్దమేంటి, దాని మొహం! నువ్వు నేర్పినప్పుడు రాత్రి పదినుంచి పొద్దుట ఆరుదాకానే కదా నిశ్శబ్దం?" అన్నాను యాదాతో.

"ఊఁ. అదే నేర్పాను. ఈ ప్రోగ్రాం పుట్టినప్పుడు."

వెనక చెంచా కింద పడిన చప్పుడైంది. తిరిగి చూస్తే మియో మొహంలో రక్తం లేదు.

"యాదా-సాన్, ఆ ప్రశ్నకి మీరు ఏం పేరు పెట్టారు?"

యాదా తెరమీద వేలు పెట్టాడు. "నిశ్శబ్దమా?"

"అది... నేను కూడా అదే పేరు పెట్టాను."

నాకు అప్పుడు తెలిసింది. రూబీలో తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుందన్నాను కదా. ఒకరు ఒక పేరుతో ఒక పని నేర్పి వెళ్తారు. ఇంకొకరు వచ్చి అదే పేరుతో వేరే పని నేర్పితే, పాతది పోతుంది, కొత్తది ఉంటుంది. దెబ్బలాట ఉండదు, కేక ఉండదు, చిన్న దగ్గు కూడా ఉండదు. యాదా పాత ఫైల్లో ఎప్పుడో రాసిన ప్రశ్న మియో చూడలేదు. గుడి ఊళ్లో పుట్టిన పిల్లకి నిశ్శబ్దం అంటే రాత్రి మాత్రమే కాదు, దేవుళ్ల వారం కూడా. ఇంకోలా ఆలోచించడం దాని వల్ల కాదు, మావైపు ఎవరివల్లా కాదు. నేను చూసి కూడా తప్పు పట్టలేదు, అందుకే. సమయం ఒక్కటే, ఊళ్లు ఎన్నయినా. మా దేవుళ్ల కోసం నోరు మూసుకోమని దానికి చెప్పాం, అది బుద్ధిగా ఎక్కడో సముద్రంలో ఉన్న ద్వీపంలో కూడా నోరు మూసుకుంది. మా జిల్లాలో మిగతా ఊళ్లలోనూ మోగి ఉండదు, దేవుళ్ల వారం కదా అని ఎవరూ అడగలేదు.

"నేనే" అంది మియో. "షాచో, నేనే. తీసేస్తున్నాను."

తప్పించుకుని ఉండొచ్చు. ఇంకో గంట వెతికినా మాకు దొరికేది కాదేమో. మూడు నెలల గడువు అయిపోవస్తోందని ఆ పిల్లకీ తెలుసు. అయినా ఆ మాట అనేటప్పుడు క్షణం ఆలోచించలేదు. నన్ను కుర్చీలోంచి దాదాపు తోసేసి కూచుంది. వేళ్లు పరిగెత్తాయి. తను రాసింది పీకేసింది, యాదా రాసింది మళ్లీ పైకొచ్చింది. ప్రోగ్రాంని ఆపి లేపాలి. అది లేచేదాకా ముగ్గురం తెరకి అతుక్కుపోయాం.

"ఓచి-సాన్, ఇప్పుడు నొక్కండి!" అని అరిచింది.

ఫోన్లోంచి పాట వినిపించింది. ముందు ఆఫీసు పక్కనున్న స్తంభం నుంచి, ఆ వెంటనే దూరంగా ఇంకో స్తంభం, ఇంకా దూరంగా ఇంకోటి. ఒకటే రాగం ఒకదాని వెనక ఒకటి. ఇన్నేళ్లుగా ఆ పాట మోగించి పొట్టపోసుకుంటున్నాను గాని ఒక్కసారి కూడా చివరిదాకా వినలేదు. వింటే ఏడుపొచ్చింది. ఏడ్చాను.

పాట ఆగిపోయింది. ఏమీ జరగలేదు.

"మళ్లీ నొక్కనా?" అన్నాడు ఓచి.

"నొక్కండి, ఆగకుండా నొక్కండి!" అంది మియో.

"వద్దు." ఇంకో గొంతు, ఆడమనిషిది, ఓచి పక్కనుంచి. సాయో అయి ఉండాలి. "రెండుసార్లు మోగితే నాన్న నమ్మడు. ఐదు ఒక్కసారే అవుతుంది అంటాడు. ఒక్కసారి చాలు. విని ఉంటే వస్తాడు."

విని ఉంటే. ఫోన్ పెట్టేయలేదు. అవతల ఎవరో పరిగెత్తుతున్న చప్పుడు, అగ్నిమాపక దళం కుర్రాళ్లు ఒకరినొకరు పిలుచుకోవడం, గాలి. ఇవతల మా కిటికీ మీద వాన. జెన్‌జాయ్ చల్లారి పైన తొరక కట్టింది. మియో రెండు చేతులూ జోడించి కళ్లు మూసుకుని ఏదో గొణుగుతోంది. వారమంతా దేవుళ్లు మా ఊళ్లోనే ఉన్నారు కదా, దగ్గరే కదా, వినండి అంటోంది. యాదా తన గొడుగు తీసుకున్నాడు, ఎక్కడికి వెళ్లాలో తోచక మళ్లీ దాని చోట పెట్టాడు.

చాలాసేపటికి ఫోన్లో ఒక కేక. తర్వాత ఇంకోటి. తర్వాత సాయో అరుపు, "నాన్నా!" అని.

ఓచి ఫోన్ దగ్గరికి వచ్చేసరికి నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. "వచ్చాడు! నడుచుకుంటూ వచ్చాడండి! కట్ట దాటి, సముద్రంలోకి పొడుచుకొచ్చిన అవతలి కొమ్ముదాకా వెళ్లిపోయాడట. మోకాళ్లదాకా తడిశాడు. మా కుర్రాళ్లు టార్చి వేస్తే చిరాకుపడ్డాడు, కళ్లలో కొట్టకండ్రా అని."

"ఒంట్లో బాగానే ఉందా?" అన్నాను.

"బాగానే ఉంది. రావడంతోనే ఏమన్నాడో తెలుసా? 'ఈరోజు ఐదు ఆలస్యంగా వచ్చిందే! అన్నం చల్లారిందా?' అన్నాడు."

మియో బల్లమీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. ఏం చెయ్యాలో తెలియక నేను దాని వీపు మీద కొట్టాను, కొంచెం గట్టిగానే.

"నేను రేపట్నుంచి రాను షాచో" అంది మొహం ఎత్తకుండానే.

"రాకపోతే ద్వీపానికి మిఠాయి పెట్టె ఎవరు మోస్తారు? నేనా, ఈ నడుంతో? పొద్దున్నే బయల్దేరాలి. కంపెనీ చేసిన తప్పుకి కంపెనీ వెళ్లి తలవంచాలి. నువ్వు రాశావు, నేను చూసి సరే అన్నాను. వెళ్లి మొహం కడుక్కో."

మొహం కడుక్కుని వచ్చింది. నేను అప్పటికే ఒక చట్టం చేసేశాను. "ఇకనుంచి ఈ గదిలో ఎవరూ భాషతో పుట్టిన సరుకుల తలుపు తెరవకూడదు. తెరిస్తే నా చేతిలో అయిపోతారు."

"వద్దు" అన్నాడు యాదా.

ఇరవై ఏళ్లలో నా మాటకి ఆయన అడ్డు చెప్పడం అదే మొదటిసారి.

"ఆ అమ్మాయి రాసింది బాగుంది. గడప లేదు, అంతే. గడప కట్టే దారి ఈ భాషలోనే ఉంది." కుర్చీ లాక్కుని మియో పక్కన కూచున్నాడు. "నేర్పు. కానీ ఒక్కో ఊరి ఫైలూ ఒక గది అనుకో, ఆ గదివరకే నేర్పు. గుడి ఊరి గదిలో అడిగితే సమయం దేవుళ్ల వారం అంటుంది. గడప దాటి అడిగితే దానికి ఆ మాటే తెలియదు."

"అలా కుదురుతుందా?" అంది మియో ముక్కు తుడుచుకుంటూ.

"ఊఁ" అన్నాడు యాదా. ఇక ఆయన మళ్లీ ఆయనే.

ఇద్దరూ కలిసి ఆ సాయంత్రమే రాశారు. గుడి ఊరి గదిలో అడిగితే నిశ్శబ్దం, ద్వీపం గదిలో అడిగితే పాట. నేను ఈసారి వెతికి వెతికి చూశాను, పట్టడానికి తప్పు దొరకలేదు. క్షమాపణ చెప్పే వాక్యాన్ని మాత్రం పీకించేశాను.

పొద్దున్నే నా కారులో బయల్దేరాం. కొండలు దాటేసరికి వాన ఆగింది, లోపలి సముద్రం ఎండలో మెరుస్తోంది. అటువైపు వాళ్లకి గొడుగు అక్కర్లేదు, అందుకే మనుషులు అంత కులాసాగా ఉంటారు కాబోలు. పడవ ఎక్కినప్పటినుంచీ మియో మిఠాయి పెట్టెని ఒళ్లో పెట్టుకుని తిట్లకి సిద్ధపడుతూ కూచుంది. ఊరి ఆఫీసులో నడుం వంచి తలలు దించాం. ఊరి పెద్ద మమ్మల్ని తిట్టాడు, తిట్టాల్సినంతే తిట్టాడు. తర్వాత టీ ఇచ్చాడు. అక్కడినుంచి సాయంత్రానికి రేవు పక్కన సాయో భోజనశాలకి వెళ్లాం. అక్కడ ఇంకా కిందికి వంగాం. సాయో నా ఈడు మనిషి, చేతుల నిండా చేప పొలుసులు.

"నాకు కోపం లేదని అనను" అంది. "రాత్రంతా నాన్న కాళ్లు పట్టుకుని కూచున్నాను. కానీ పాట మోగించింది కూడా మీరేగా. ఆయన కట్టమీదున్నాడు. వెళ్లి కనపడండి, అన్నం ఉడికేలోపు."

"మళ్లీ పంపించారా?" అని నా నోట్లోంచి వచ్చేసింది.

"పంపకపోతే ఆయన బతికుండడం దేనికి? ఓచి దూరంనుంచి చూస్తున్నాడులెండి."

తమేజో కట్టమీద కూచుని నారింజ ఒలుస్తున్నాడు. పొట్టి మనిషి, మెడ చుట్టూ తువ్వాలు. మియో ఆయన ముందు మోకాళ్లమీద కూచుని తల నేలకి ఆనించింది.

"ఎవరమ్మాయివే నువ్వు?"

"ఇజుమోనుంచి వచ్చాను తాతా. నిన్న ఐదుని ఆలస్యం చేసింది నేనే."

"నువ్వా!" ఆయన దాన్ని పైనుంచి కిందికి చూశాడు. "నిన్న ఎంత నడిచాననుకున్నావు? ఐదు రాదే! ఐదు రాకుండా ఇంటికెలా పోతాను? ఎందుకు ఆలస్యం చేశావు?"

"మా ఊళ్లో దేవుళ్ల మీటింగు జరుగుతోంది తాతా. చప్పుడు చెయ్యొద్దని ఐదుకి చెప్పాను. మా ఊళ్లోనే చెప్పాననుకున్నాను. ఇక్కడికి కూడా వినపడింది."

ఏం అర్థమవుతుంది ఆయనకి అనుకున్నాను. ఆయన నారింజ తొన ఒకటి నోట్లో వేసుకుని తాపీగా నమిలాడు.

"మీటింగన్నాక అంతే. ఏదీ వేళకవదు" అన్నాడు. తర్వాత హఠాత్తుగా ముందుకి వంగి, దాని చెయ్యి పట్టుకున్నాడు. "అయితే మా ఊరి దేవుడు కూడా అక్కడే ఉన్నాడుగా! రేవు దగ్గర గుళ్లో ఉంటాడు, ఆయన. పదో నెలకి ఏటా వెళ్తాడు. బాగున్నాడా? అన్నం సరిగ్గా తింటున్నాడా?"

మియో కళ్లు పెద్దవయ్యాయి. "తింటున్నారు తాతా. జెన్‌జాయ్ పెడుతున్నాం."

"ఆయనకి పడవ పడదు. కడుపులో తిప్పుతుంది. నేను నడిపినన్నాళ్లూ నెమ్మదిగా తీసుకెళ్లేవాణ్ణి. ఇప్పటి కుర్రాళ్లు దూకిస్తారు. తిరిగొచ్చేటప్పుడు ముందు కూచోమని చెప్పు, వెనక కాదు. చెబుతావా?"

"చెబుతాను. ఊరికి వెళ్లగానే గుడికి వెళ్లి చెబుతాను."

"మరిచిపోతావేమో. నేనన్నీ మరిచిపోతాను."

"మరవను తాతా."

ఆయన మిగతా నారింజ దాని చేతిలో పెట్టాడు. నేను పక్కకి తిరిగి సముద్రం చూశాను. ఈ పిల్లని గొడుగు లేదని పంపేద్దామనుకున్నానా, నా బుద్ధి కాలా! గొడుగు నేనే కొనిపెడతాను. కింద కొట్లో పాత సరుకు ఇంకా ఉంది.

"సుతో-సాన్" అన్నాను. "మూడు నెలలు నిండాక కూడా పొద్దున్నే తొమ్మిదింటికి రావాలి. ఆలస్యమైతే ఊరుకోను."

మియో నా కేసి తిరిగింది. ఏదో అనబోయింది. అప్పుడే పైన స్తంభంలోంచి పాట మొదలైంది. రేవు దగ్గర, తర్వాత తోటల మీద, తర్వాత కొమ్ము అవతల, ఒకదాని వెనక ఒకటి. ఆ వేళకి మా వైపు గుడి ఊళ్లో దేవుళ్లు మీటింగులో ఉన్నారు, ఒక్క చప్పుడు లేదు. ఆ సంగతి యాదా తర్వాత ఫోన్ చేసి "ఊఁ" అని చెప్పాడు.

తమేజో లేచాడు. తువ్వాలు సర్దుకున్నాడు. అడగాల్సిన అవసరమే లేనట్టు సముద్రానికి వీపు పెట్టి ఇంటి వైపు తిరిగాడు. రెండడుగులు వేసి, మేం కదలకపోవడం చూసి చెయ్యూపి పిలిచాడు.

"రండి, రండి. అన్నం వేడిగా ఉంటుంది" అన్నాడు. "ఈరోజు ఐదు వేళకే వచ్చింది."